అద్దానికి ఈ పక్క

"మా ఆవిడా? ఇంటికాడే ఉన్నాది. పెరట్లో ఊరికే కూకున్నాది."

బావ ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు. బావంటే మా ఆయనే, అప్పలసూరి. మా మేనత్త కొడుకు. తిత్లీ తుపానుకి మా హాలు వెనక గోడ కూలిపోయి, ఆ చోట టార్పాలిన్ కట్టుకున్న రోజులవి. గోడే ఉండుంటే ఆ మాట నా చెవిన పడేది కాదు. అతను లోపల ఫ్యాను కింద ఉన్నాడు. నేను పెరట్లో, గచ్చు మీద ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల పక్కన, తల మీద తడిగుడ్డతో, చేతిలో కర్రతో ఉన్నాను. ఊరికే కూర్చున్నానట.

చేపలు ఎండబెట్టడం ఎరగనివాళ్ళకి అది ఊరికే కూర్చోవడంలాగే కనిపిస్తుంది. కాకి మహా తెలివైంది. ముందు ఒకటొచ్చి నా మొహం చూసి, కునుకుతున్నానో లేదో తేల్చుకుని, అప్పుడు మిగతావాటికి కబురు పెడుతుంది. కాకుల్ని తోలేలోపు కుక్క, కుక్కని తరిమేలోపు గద్ద. సముద్రం మీద మబ్బు లేస్తే పరుగున అన్నీ ఎత్తి లోపల పెట్టాలి, నాలుగు చినుకులు పడ్డా సరుకు పాడైపోతుంది. మధ్యలో నెత్తళ్ళు తిరగెయ్యాలి, పొయ్యి మీద కుండ చూసుకోవాలి. అన్నం మాడితే నా అశ్రద్ధ, చేప పోతే నా నిద్ర. పడవ అమ్మేసి బావ మత్స్యకార సంఘంలో పెద్దమనిషయ్యాక ఇల్లు నడిచిందీ, మా అమ్మాయి అనిత నర్సింగు చదివిందీ ఈ గచ్చు మీద ఎండిన చేపలతోనే. అయినా నేను ఊరికే కూర్చున్న మనిషినే.

నాకు ముందు, ఓపికున్నన్నాళ్ళూ, ఆ చోట బావ తల్లి, మా అత్త నారాయణమ్మ కూర్చునేది. ఆమె కుడి చెంప ఎడమ చెంపకన్నా నలుపు. ఎండ ఎప్పుడూ ఆ పక్కనే కొట్టేది మరి. చిన్నప్పుడు అది పుట్టుమచ్చేమో అనుకునేదాన్ని. కాపురానికొచ్చి, నేనూ అదే పీట మీద అదే వైపు తిరిగి కూర్చున్నాక తెలిసింది అదేం మచ్చో. ఇప్పుడు నా చెంపా అంతే. ఊళ్ళో ఎవరైనా "ఏటి సేస్తన్నావు నారాయణమ్మా" అనడిగితే అత్త కూడా "ఏటుందమ్మా, ఊరికే కూకున్నాను" అనే చెప్పేది. అందరూ అంటూంటే తనూ అదే అనుకుంది పాపం.

శ్రీకాకుళంలో ఒక ఆఫీసరుగారింటికి నేను ఎండుచేపలు వేస్తాను. వాళ్ళ వరండాకి నేలనుంచి పైదాకా అద్దాల తలుపు. ఆఫీసరుగారి భార్య లోపల కుర్చీలో కూర్చుని కాయగూరలు తరుగుతూనే తోటలో పనిమనిషిని కనిపెట్టుకుని ఉంటుంది. నన్ను చూడగానే ఒక్క వేలితో తలుపు జరిపి, "అక్కడే ఉండు, లోపలంతా వాసనొస్తుంది" అని, తూకం చూసుకుని మళ్ళీ ఒక్క వేలితో మూసేస్తుంది. మొదట్లో ఇంటికొచ్చేదాకా ఆ మాట గొంతులో ముల్లులా ఉండేది. కానీ బావ ఫోన్లో అన్న మాట విన్న రోజున నాకు గుర్తొచ్చింది ఆవిడ మాట కాదు, ఆవిడ కుర్చీ. ఎండలో లేకుండానే ఎండలో ఉన్నదాన్ని చూడొచ్చన్నమాట. ఆ ఆలోచన నాకు ఎంత నచ్చిందంటే ఆ రాత్రి కూర ఉప్పగా అయినా పట్టించుకోలేదు.

గోడ కట్టడానికి మేస్త్రీని పిలుస్తానని బావ అన్నప్పుడు చెప్పాను.

"గోడొద్దు. అక్కడ అద్దాల తలుపెట్టిస్తాను. జరిపే తలుపు."

"పెరటికా?" నవ్వేడు. "అద్దాల తలుపంటే ఈదిపక్కన పెట్టాల. మనింటికి నలుగురు పెద్దమనుషులొస్తారు. పెరట్లో ఏటున్నాదని, సేపలూ కాకులూ."

"ఆటినే సూడాల నాకు."

"తుపానొస్తే అద్దం ఆగుతాదేటే?"

"ఇటికల గోడ ఆగిందేటి?"

బావ చొక్కా తగిలించుకుని వీధిలోకి పోయాడు. అత్త మాత్రం మూలనుంచి సన్నగా అంది, "ఆడది అద్దంలో కూకుంటే ఊరు నవ్వుతాదే." "నవ్వనీ అత్తా, నీడలో కూకుని ఇంటాను" అన్నాను.

శ్రీకాకుళంలో అద్దాల కొట్టుకి నేనే వెళ్ళాను. అక్కడ నిలబెట్టి ఉంచిన తలుపుని ఒక్క వేలితో జరిపి చూశాను, మళ్ళీ మళ్ళీ జరిపాను. కొట్టువాడు విసుక్కునేదాకా జరిపాను. డబ్బు నాది, వేలు నాది.

ఎండాకాలం మొదట్లో ధనరాజని, బిగించే అతను వ్యానులో అద్దాలేసుకుని వచ్చాడు. చట్రం నిలబెట్టి, మట్టం చూసి, మరలు బిగిస్తూ, "అమ్మా, సారు లేరా? ఏ పక్కకి తెరుచుకోవాలో అడగాల" అన్నాడు. "నన్నడుగు బాబూ, ఎడం పక్కకి" అన్నాను. మబ్బు పట్టినప్పుడు చేపల తట్టతో పరిగెత్తేది నేను. గచ్చు ఏ పక్కనుందో, ఏ పక్క దారి కావాలో నా కాళ్ళకి తెలుసు. అతను తల గోక్కుని ఎడం పక్కకే పెట్టాడు. సందుల్లో జిగురు నింపి, అద్దాలు చక్రాల మీద ఎక్కించి జరిపితే, నీళ్ళ మీద పడవలా వెళ్ళిందది.

"కింద సక్రాలెల్లే పట్టాలో ఇసక సేరకూడదు సారూ, రోజూ తుడవాల" అని వెళ్ళేముందు ధనరాజు బావకి చెప్పాడు. అప్పుడే వీధిలోంచి వచ్చాడు బావ. "అది ఆవిడ సూసుకుంటాది" అన్నాడు. చూడ్డానికొచ్చినవాళ్ళందరితో "పెట్టించేను" అన్నాడు. ఎవరు పెట్టించారో వాళ్ళందరికీ తెలుసు. నేను పాత బ్రష్షుతో పట్టా తుడుస్తూ, అద్దంలో నా చెంప చూసుకున్నాను. గర్వంగా అనిపించింది. చెప్పుకోడానికి సిగ్గెందుకు, పెళ్ళినాడు కూడా నేనంత బాగున్నానని అనుకోలేదు.

మర్నాడు పొద్దున్నే నెత్తళ్ళు పరిచి, చేతులు కడుక్కుని లోపలికొచ్చాను. అద్దం దగ్గర నేను వేసుకున్న కుర్చీలో బావ కూర్చున్నాడు. ఫ్యాను తిప్పుకున్నాడు. కాలు మీద కాలు.

"బలే సల్లగున్నాదే" అన్నాడు. అంటూనే అద్దం మీద వేలితో టకటకా కొట్టి, "అదుగో, కాకి. ఎల్లు" అన్నాడు.

వెళ్ళాను. తోలి వచ్చాను. కూర్చుందామంటే కుర్చీ లేదు. అత్త గోడకి చేరగిలబడి కింద కూర్చునుంది. మళ్ళీ టకటకా. మళ్ళీ వెళ్ళాను. ఈసారి లోపలికి రాకముందే, నేను ఎండలో ఉండగానే, అద్దం వెనకనుంచి వేలితో కొట్టి చూపించాడు, అటు కాదు ఇటు అని. ఆఫీసరుగారి భార్య కూడా అంత పని చెయ్యలేదు. నా ఒళ్ళు మండింది. ఇంత చేసి, అద్దానికి నేను మళ్ళీ ఆ పక్కనే ఉన్నాను. ఇప్పుడు ఊరుకున్నానా, నేనూ అత్తలాగే జన్మంతా ఆ పక్కనే.

తలుపు జరిపి లోపలికొచ్చి కర్ర అతని చేతికిచ్చాను.

"లెగు బావా."

"ఏటే?"

"నాను పెరట్లో ఏటి సేస్తానని సెప్తావు నువ్వు ఫోన్లో?"

కొంచెం తడబడ్డాడు. "ఏటి సెప్తాను, కూకున్నాదని సెప్తాను."

"ఊరికే కూకున్నాదని. మరి నువ్వూ ఇక్కడ ఊరికే కూకున్నావు. అక్కడైనా ఊరికే కూకోడవే, ఇక్కడైనా ఊరికే కూకోడవే. రెండూ ఒకటే కదా. ఈ పూట నువ్వక్కడ కూకో, నానిక్కడ కూకుంటాను."

బావ అత్త వైపు చూశాడు, వాళ్ళమ్మ ఏదైనా అంటుందని.  అత్త తన కుడి చెంప నిమురుకుంది.

"ఎల్లరా" అంది. "తడిగుడ్డేసుకో, మాడు పేలిపోతాది."

గొణుక్కుంటూ వెళ్ళాడు. నేను కుర్చీలో కూర్చుని, అత్తకి పక్కనే ఇంకో కుర్చీ వేశాను. మొదట వద్దంది, తర్వాత అంచు మీద కూర్చుంది, ఇంకాసేపటికి వెనక్కి వాలింది. ఫ్యాను గాలికి ఆమె నెరిసిన జుట్టు ఎగురుతోంది. ఎదురుగా అంత ఎండ, మా మీద చుక్క కూడా లేదు. బావ ఒక మూల కాకుల్ని తోలుతుంటే ఇంకో మూల వాలుతున్నాయి. కొత్తమనిషని వాటికి తెలిసిపోయినట్టుంది. అత్త ముందుకి వంగి, వేలు మడిచి, అద్దం మీద టకటకా కొట్టింది.

"ఒరే సూరీ, అదుగో, కుక్క."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఉక్కగా ఉందని అత్త అంటే తలుపు బెత్తెడు తీశాను. ఎండ నెత్తి మీదికొచ్చింది. బావ చొక్కా వీపుకి అంటుకుపోయింది. అప్పుడు అతని ఫోను మోగింది. ఒక చేత్తో కర్ర ఆడిస్తూనే, ఇంకో చేత్తో ఫోను చెవిన పెట్టుకున్నాడు. మాట చక్కగా లోపలికి వినబడింది.

"ఇప్పుడు కుదర్దురా. పన్లో ఉన్నాను."

అత్త నా వైపు తిరిగింది. 

"అయితే నాను సేసింది కూడా పనేనన్నమాటే" అంది.

"పనే అత్తా."

లోపలికి వేడిగాలి వస్తోందని, ఒక్క వేలితో తలుపు మూసేశాను.