దొర తలకంటే ఎత్తులో

అకుయిలా రౌటర్‌ను బోర్లించి అరచేత్తో తట్టాడు. చీమలు రాలాయి. మళ్ళీ తట్టాడు. ఈసారి చీమలతోపాటు బల్లిగుడ్డు పెంకు కూడా రాలింది. ఏటి ఒడ్డున ఉన్న నౌసోరీలో వానలు పట్టుకున్నాక వెచ్చగా ఉండే చోటు ఇదొక్కటే, పాపం అవి మాత్రం ఎక్కడికి పోతాయి. చీమల్ని కిటికీలోంచి బయటికి ఊది, మూత బిగించి, కరెంటు పెట్టాడు. దీపాలు ఒకటొకటిగా వెలిగి చివరిది ఆకుపచ్చగా నిలబడింది. ఇంటావిడ అప్పటికే ఫోను చెవిన పెట్టుకుంది. ఆమె అటు తిరిగి మాట్లాడుతుండగానే అతను తన పీట చంకన పెట్టుకుని బయటికొచ్చేశాడు.

అదే అతని పద్ధతి. దీపం వెలిగితే బయల్దేరాలి. స్తంభాలెక్కి టెలిఫోను తీగలు లాగిన రోజులనుంచీ అంతే. మొదటి గంట మోగేదాకా అతని పని, ఆ తర్వాత మాటలు ఆ ఇంటివాళ్ళవి. ఇన్నేళ్ళలో ఎన్ని ఇళ్ళకు గొంతులు తెచ్చిపెట్టాడో లెక్కలేదు గానీ, ఏ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో ఒక్క ముక్క తెలియదు. అతని పేరు గుర్తున్నవాళ్ళు కూడా తక్కువే. "ఆ పీటాయన" అంటారు. వెసి అనే గట్టి చెక్కతో మామగారు చెక్కిచ్చిన పీట అది. నిచ్చెన పట్టని ఇళ్ళలో అదే నిచ్చెన. బూట్లు ఆనే చోట రెండు వైపులా అరిగి గుంటలు పడ్డాయి.

పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, ఎండకు మాడిన మెడ, వంగనని మొండికేసే ఎడమ మోకాలు. ఈ రోజుతో ఉద్యోగం అయిపోతుంది. నిన్ననే ఆఫీసులో కేకు కోసి, దండ వేసి, ఫొటో దిగారు. రేపు భార్య కేలెరాతో కలిసి ఏటికి ఎగువన ఉన్న సొంతూరికి పోతాడు. ఆ సంగతి తలుచుకుంటే అందరికంటే ముందు మోకాలే సంతోషించింది.

మిగిలింది ఒక్క ఇల్లు, ఊరి దొర రాతు ఇలియాసేరి గారిది. ఆఫీసు కుర్రాళ్ళు వెళ్ళి రౌటర్ బాగుచేసి రావడం, వాళ్ళు గేటు దాటేసరికి మళ్ళీ పాడవడం. చివరికి ఆఫీసులో పెద్దాయన అన్నాడు, "మీ ఊరూ ఆయన ఊరూ తౌవులు కదా, నువ్వే పో."

తౌవు అంటే రెండు ఊళ్ళకీ ఒకే మూలపురుషుడు. అందుకని ఒకరినొకరు ఎంత మాటైనా అనొచ్చు, ఇంట్లో నచ్చిన వస్తువు అడక్కుండా పట్టుకుపోవచ్చు, కోపం తెచ్చుకోకూడదు. దొరతో వేళాకోళమాడే హక్కు ఊళ్ళో ఇంకెవరికీ లేదు, తౌవుకు తప్ప.

గుమ్మం మెట్టుమీదే దొర కూతురు మిలికా ఎదురొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"బాబాయ్, సాయంత్రం అమ్మ ఫోనొస్తుంది. ఇండియాలో గుండె ఆపరేషను అయిందిగా, ఇవాళ వార్డులోకి తెచ్చి మొహం చూపిస్తామన్నారు. ఆపరేషనుకి ముందు మాట్లాడుతుంటే తెరమీద బొమ్మ ఆగిపోయింది. నోరు తెరిచి ఉండగానే ఆగిపోయింది. నాన్న ఆ బొమ్మ వైపు చూస్తూ కూర్చుండిపోయాడు. ఆ రోజునుంచీ కర్రపెండలం ముక్క కూడా సరిగ్గా ముట్టడంలేదు."

అకుయిలా బూట్లు విప్పి, నడుం వంచి లోపలికెళ్ళి, గుమ్మం దగ్గరే చాపమీద కూర్చుని, దొరకిచ్చే మర్యాదగా చేతులు దోనెలా చేసి చరిచాడు. హాలుకు ఆ చివర, ఏటివైపు ఎత్తు కిటికీ కింద, దొర కూర్చుని ఉన్నాడు. కొండలాంటి మనిషి కుంగిపోయి ఉన్నాడు.

"ఎవర్రా అది? కొండమీదనుంచి అడవిపందేమైనా దిగొచ్చిందా?"

"అవును దొరా. చేపల కంపు ఎక్కడినుంచా అని చూసిపోదామని వచ్చా."

దొర మొహంలో కాస్త కదలిక వచ్చింది. మిలికా ఊపిరి పీల్చుకుంది.

రౌటర్ వెనకగదిలో, మంచంకింద, చుట్టిపెట్టిన చాపల అడుగున దొరికింది. చెయ్యి పెడితే కాలింది. ఇలాంటి పెట్టెకు ఇంట్లోకి తీగ రాదు, ఏటి అవతలి టవరునుంచి గాలిలో అందుకోవాలి. సిమెంటు గోడల మధ్య, చాపలకింద ఏం అందుకుంటుంది, చెమటలు కక్కడం తప్ప.

"ఇక్కడెవరు పెట్టారమ్మా?"

మిలికా తల దించుకుంది. "కుర్రాళ్ళు వచ్చినప్పుడల్లా హాల్లో ఆ కిటికీ పైన బిగించి పోతారు బాబాయ్. అది సరిగ్గా నాన్న తలపైన. నాన్న తలకంటే ఎత్తులో నేను గ్లాసైనా పెట్టను, దీన్నెలా ఉంచను? వాళ్ళు వెళ్ళగానే దించేదాన్ని. వాళ్ళకి చెప్పలేను, నాన్నని లెమ్మనలేను."

ఆమె దాచిన కొత్త రౌటర్ కూడా చూపించింది. పట్నంలో షాపువాడు అన్నిటికంటే గొప్పదని అంటగట్టాడట. ఎనిమిది కొమ్ములు, పైన ఎర్రదీపం, ఎండ్రకాయలా ఉంది. అకుయిలా తిప్పి చూశాడు.

"దీంట్లో సిమ్ పెట్టే చోటే లేదు తల్లీ. ఇంట్లో పంచడానికి ఎనిమిది చేతులున్నాయి, బయటినుంచి తెచ్చుకోడానికి ఒక్కటీ లేదు. ఇది తీగ వచ్చే ఇళ్ళకి. తిరిగిచ్చేసి, సిమ్ పట్టేది, బయట ఏంటెనా తగిలించుకునే చిల్లు ఉన్నది అడుగు. చిన్నదైనా ఫరవాలేదు. పాతదానికి ఉప్పుగాలి పట్టి లోపలంతా తుప్పు, ఇంక నమ్మలేం."

మిలికా వెళ్ళి వచ్చేలోగా అతను ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. వంటింట్లో టవరు అందలేదు. వరండాలో అందీ అందనట్టుంది. చివరికి హాల్లో తన పీట వేసుకుని, "క్షమించాలి" అని గొణుక్కుంటూ, దొర పక్కనుంచి చెయ్యెత్తి కిటికీ పైన పట్టుకున్నాడు. గీతలన్నీ నిండుగా వచ్చాయి. జానెడు దించితే సగానికి పడిపోయాయి. కుర్రాళ్ళది తప్పేం లేదు, వాళ్ళు సరైన చోటే బిగించారు.

కొత్తది చేతికొచ్చాక అకుయిలా దొర ఎదురుగా చతికిలబడ్డాడు. వేళాకోళం వేరు, ఇది వేరు.

"దొరా, మీరు కూర్చున్న చోటే టవరుకి కూడా నచ్చింది. ఇద్దరికీ పట్టదు. లేచి గుమ్మం దగ్గర, నాబోటి అడవిపందులు కూర్చునే చోట కూర్చోండి."

మిలికా రెండు చేతులతో నోరు మూసుకుంది. కిటికీ కిందది హాల్లోకల్లా గౌరవమైన పై చోటు, అక్కడ దొర తండ్రి కూర్చున్నాడు, తాత కూర్చున్నాడు. గుమ్మం పక్కన కూర్చునేది వడ్డించేవాళ్ళూ, కబురు తెచ్చేవాళ్ళూ. దొర తన చాప అంచుని చేత్తో నిమిరాడు.

"కిందకి పోతే ఆవిడ కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది దొరా."

"ఆగిపోకుండా?"

"ఆగిపోకుండా."

దొర గోడ పట్టుకుని లేచాడు. హాలు పొడుగునా నడిచి, చెప్పులు విడిచే చోటుకు అడుగు దూరంలో కూర్చున్నాడు. అది చూసి అకుయిలాకు కళ్ళు చెమర్చాయి. వెంటనే పీటెక్కి మేకులు కొట్టడంలో పడిపోయాడు.

ఎండ వాలుతుండగా ఫోను మోగింది. అకుయిలా అలవాటుగా పీట చంకన పెట్టుకుని లేచాడు.

"ఎక్కడికిరా? కూర్చో," అన్నాడు దొర.

తెరమీద దొర భార్య సాలోతె మొహం వచ్చింది. పాలిపోయి ఉంది, ముక్కులో గొట్టం ఉంది. రెప్పలు కదిలాయి. పెదాలు కదిలాయి. కదులుతూనే ఉన్నాయి. ఆవిడ ముందు మొగుణ్ణి చూసింది, తర్వాత ఆయన వెనక చెప్పుల వరసని చూసింది.

"ఏవండీ, గుమ్మం దగ్గర కూర్చున్నారేంటి? నేనిటొచ్చేసరికి ఇల్లెవరికైనా ఇచ్చేశారా?"

"ఈ కొండవెధవ నన్ను తోసేశాడే. నువ్వు కనిపించాలంటే ఇక్కడే కూర్చోవాలట. నువ్వు కనిపిస్తానంటే వాకిట్లో బురదలో కూర్చోమన్నా కూర్చుంటాను."

"నవ్వించకండి, కుట్లు లాగుతున్నాయి," అని ఆవిడ నవ్వింది. దొర మాత్రం ఏడ్చాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా. మిలికా వంటింట్లోకి పరిగెత్తి, కర్రపెండలం పొయ్యిమీద పెట్టింది. తను తెచ్చిపెట్టిన గొంతు ఏం మాట్లాడుతుందో అకుయిలా మొదటిసారి చివరిదాకా విన్నాడు. పెద్ద మాటలేం లేవు. కోళ్ళకు మేత వేశారా, వాన పడుతోందా, మందులు వేళకి వేసుకుంటున్నారా. ఇన్నాళ్ళూ ఇవేనా, అనుకున్నాడు. వాటికోసమే ఇన్ని స్తంభాలు ఎక్కాడన్నమాట.

తిని వెళ్ళబోతూ పీటకోసం చెయ్యి చాచాడు. దొర దాన్ని తనవైపు లాక్కున్నాడు.

"ఇది నాది. తౌవు హక్కు."

"దొరా, అది మా మామగారు..."

"తెలుసు. మిలికా చెప్పింది, ఈ రోజుతో ఉద్యోగం అయిపోయిందటగా. ఇంకా ఎక్కుతావా, ఆ కాలితో? పో, మీ కొండకి పోయి కాళ్ళు చాపుకుని కూర్చో."

కోపం తెచ్చుకోకూడదు, తెచ్చుకోలేదు కూడా. బూట్లు తొడుక్కుని, ఖాళీ చేతులూపుకుంటూ బస్టాపువైపు నడిచాడు. మర్నాడు తెల్లవారుజామున పడవలో కేలెరాతో ఎగువకు వెళ్ళిపోయాడు. నౌసోరీకి మళ్ళీ రాలేదు.

సాలోతె ఇంటికి తిరిగొచ్చాక కూడా దొర గుమ్మం పక్కనే కూర్చుంటున్నాడు. వచ్చేపోయేవాళ్ళు ముందు కంగారుపడ్డారు, తర్వాత అలవాటుపడ్డారు. హాలుకు ఆ చివర దొర చాప పరిచే ఉంది. దానిమీద ఎవరూ కూర్చోరు. పైన ఆకుపచ్చ దీపం, దాని కింద రెండు బూట్ల గుంటలు పడిన వెసి చెక్క పీట.