సాగిజోర్ మూడో రూపం

ముప్పై ఏళ్లుగా రోబో బొమ్మల మీద తీర్పులు రాసి బతుకుతున్నాను. నా నోరు మంచిది కాదు. బొమ్మల కంపెనీలవాళ్లు నా ఎదుట వంగి దండాలు పెడతారు, మెట్లు దిగగానే తిట్టుకుంటారు. తిట్టుకోనీ. కీలు వదులైతే వదులనే రాస్తాను.

ఆ సోమవారం కంపెనీ నుంచి ఇనుకాయ్ వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ల కిందటి సాగిజోర్‌ను మళ్లీ తయారు చేస్తారట. మూడు రూపాల బొమ్మ అది. నిలబడితే రోబో, పడుకోబెడితే మంచును తోసే రైలు, రెక్కలు విప్పితే కొంగ.

"హిరుతాగారూ, మీరొక్క ముక్క రాసిస్తే చాలు. కొంగను తీసేస్తాం. పదకొండు భాగాలు కలిసొస్తాయి."

"ఎందుకమ్మా, కొంగ ఏం పాపం చేసింది?"

"అదేంటండీ, మీరే కదా రాశారు! 'ఇది కొంగ కాదు, తప్పతాగి ప్లాట్‌ఫారం మీద బోర్లాపడ్డ గుమాస్తా' అని. పాత బొమ్మలు పోగుచేసే సేకర్తలంతా దాన్ని ఇప్పటికీ గుమాస్తా అనే పిలుస్తున్నారు."

నిజమే, ఇరవై ఏళ్ల కిందట రాశాను. చాలా గర్వపడ్డాను కూడా. శుక్రవారం మీటింగులోగా రాసిస్తానని ఆమెను పంపించాను.

పాత తీర్పే అయినా బొమ్మను చూడకుండా సంతకం పెట్టను. ఇప్పుడు నాకో పద్ధతి ఉంది. పెట్టె విప్పని బొమ్మను ముందు ముట్టుకోను. ఎవరో ఆడి ఆడి అరగదీసిన దాన్ని వెతికి తెచ్చి, దాని మీద చెయ్యి అలవాటు చేసుకుంటాను. అప్పట్లో ఆ బుద్ధి లేదు. ఒక సేకర్త దగ్గర ఎవరూ ఆడని సాగిజోర్‌ను అరువు తెచ్చుకున్నాను. ఆయన పక్కనే ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. నేను తెల్ల గ్లవ్స్ వేసుకుని, సూచనల కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేశాను. కొంగ పొట్ట మీద పడుకుంది. నవ్వాను, రాశాను.

ఈసారి నకానో పేటలో ఒక పాత బొమ్మల కొట్టు చిల్లర బుట్టలో సాగిజోర్ దొరికింది. ఒక రెక్క కొస విరిగింది, అంటించిన స్టిక్కర్లన్నీ ఊడిపోయాయి. ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర పెట్టుకుని అంగుళం అంగుళం చూశాను. నడుము చుట్టూ నీలం ప్లాస్టిక్ మీద సగం గుండ్రంగా ఒక అరుగుదల ఉంది. రోబోకీ రైలుకీ నడుము తిప్పే పని లేదు. కాగితం ప్రకారం కొంగకూ లేదు. మరి ఇక్కడెలా అరిగింది?

నడుమును కాస్త కిందికి లాగి తిప్పాను. టక్కుమని సగం తిరిగి ఆగింది. మోకాళ్లు వెనక్కి మళ్లాయి, కొంగకు ఉండేవి అలాంటి కాళ్లే మరి. బల్ల మీద పెట్టాను. నిలబడింది! పొడుగు కాళ్ల మీద, మెడ సాచి, చేపల కోసం చూస్తున్నట్టు నిలబడింది. ఎవరూ ఆడని బొమ్మల్లో ఆ నడుము బిగుసుకుని ఉంటుంది. దాన్ని బలవంతంగా తిప్పే ధైర్యం ఏ సేకర్తకీ ఉండదు, నాకూ లేకపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే తతేయిషి పేటకు వెళ్లాను. సాగిజోర్‌ను రూపొందించిన ముకోయామాగారు అక్కడే ఉంటారు. ఎనభై ఒక్కేళ్లు. వాకిట్లో కుండీలకు నీళ్లు పోస్తున్నారు.

"ఓహో, గుమాస్తా అమ్మ! రా, రా. ముందు టీ తాగు, తిట్లు తర్వాత."

నేను కూర్చోగానే అడిగేశాను. "దీని నడుము తిరుగుతుంది కదూ?"

ఆయన కప్పు కింద పెట్టారు. "ఎవరు చెప్పారు?"

"ముందు మీరు చెప్పండి. కాగితంలో ఎందుకు లేదు?"

ఆయన కుండీల వైపు తిరిగారు. "కాగితం గీసింది నా కింద పనిచేసిన ఒగినో. సంవత్సరాంతపు హడావుడిలో ఒక మెట్టు ఎగిరిపోయింది. సరిచూసి ముద్ర వేయాల్సింది నేను. చూడకుండానే వేశా. అచ్చయి వచ్చాక చూసుకుంటే ఏముంది, చేతులు కాలాక ఆకులు."

"అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెబితే వాడికి మళ్లీ పనెవరిస్తారమ్మా? ఇద్దరు పిల్లలు. ముద్ర వేసినవాడు నోరెత్తకూడదు. వాడు కిందటేడు పోయాడు. పోయినవాణ్ణి ఇప్పుడు బజారుకీడ్చమంటావా? తీసేస్తే తీసేయనీ. ఎవరూ చూడని కొంగ అది."

"ఎవరూ చూడలేదని ఎవరన్నారు?"

అరిగిన బొమ్మను ఆయన చేతిలో పెట్టాను. నడుము మీది గీతను చూపించాను. "ఒకటి రెండుసార్లు తిప్పితే ఇంత అరగదు. వందలసార్లు తిప్పారు. పాదం కింద చూడండి."

అక్కడ స్కెచ్ పెన్నుతో రాసి ఉంది: రెండో తరగతి, నెజు చినాత్సు.

"ఈ పిల్ల కాగితం ఎక్కడో పారేసుకుని ఉంటుంది," అన్నాను. "అందుకే కనిపెట్టింది."

ఆయన బొటనవేలితో ఆ గీతను అటూ ఇటూ తడుముతూ ఉండిపోయారు. "వందలసార్లు," అన్నారు. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నా పేరుతో నేనే రాస్తాను," అన్నాను. "ఇరవై ఏళ్ల కిందట ఈ బొమ్మను నేను తప్పుగా చూశానని. ఒగినోగారి ఊసెత్తను."

"నువ్వు తప్పు ఒప్పుకోవడమా! సూర్యుడు పడమట పొడుస్తాడు."

"పొడవనీండి. మీరు సరేననండి, చాలు."

ఆయన తలూపారు. వెంటనే ఇనుకాయ్‌కి వీడియో కాల్ చేసి, టీ కప్పుల మధ్య కొంగను నిలబెట్టి చూపించాను.

"అరె, నిలబడుతోందే!" అంది ఇనుకాయ్. "ఏదీ, మళ్లీ తిప్పండి." మూడుసార్లు తిప్పించుకుంది. "పదకొండు భాగాలూ ఉండాల్సిందేనండీ. శుక్రవారం మీటింగులో ఇలాగే నిలబెట్టండి. కాదనేవాళ్ల సంగతి నేను చూసుకుంటాను. కాగితం మాత్రం కొత్తగా గీయించాలి."

ముకోయామాగారు ఫోన్ దగ్గరికి జరిగారు. "అమ్మాయ్, అచ్చుకు పంపే ముందు ఆ కాగితం నాకు చూపించు."

"తప్పకుండా పంపుతానండీ. ముద్ర వేసి ఇచ్చేయండి."

"వేయను," అన్నారాయన. "కాగితంతో పాటు బొమ్మనూ పంపు. కాగితం చూస్తూ నా చేత్తో కొంగను నిలబెడతాను. అది నిలబడ్డాకే ముద్ర."