అంచులు చాలు

"మొగోళ్ళ బొమ్మలు పెట్టెలో దాచుకునే ఆడదాన్ని నిన్నే చూస్తాండా!" అనేది మా అత్త లక్ష్మీదేవమ్మ, నేను మగ్గానికి దారం కండెలు చుడుతూ ఒక బొమ్మను మోకాలికి ఆనించుకుని చూసినప్పుడల్లా.

అవి జపాను నాటకగాళ్ళ బొమ్మలు. వాళ్ళ దేశంలో చెక్క మీద చెక్కి, రంగులద్ది అచ్చు తీస్తారట. బెంగళూరు దారం అంగడివాళ్ళు ఏటా పంచే క్యాలెండరులో వాటి నకళ్ళు నెలకొకటి వచ్చేవి. చీరల వ్యాపారి లింగప్ప నెల తిరగ్గానే కాగితం చింపి మా ఇంటికి పంపేవాడు. డెబ్బై అయిదు నుంచి ఏడేళ్ళు, ఎనభై నాలుగు బొమ్మలు. మెల్లకన్ను వేసి గుడ్లురిమేవాడొకడు, పళ్ళు కొరికేవాడొకడు. వాళ్ళ ముఖాల్లోని కోపం నాకు ఇష్టం. నా కోపానికి ఈ ఇంట్లో చోటు లేదు కాబట్టి పెట్టెలో పెట్టుకున్నాను.

ఒకసారి తలవంచుకున్న పడుచు బొమ్మను చూపించి మా ఆయన ఈరన్న, "చూడు, ఆడదంటే ఇట్ల అణిగి ఉండాల" అన్నాడు. కింద ఇంగ్లీషులో ఉన్నది బడికి పోయే మా కూతురు చదివి చెప్పింది, అది ఆడవేషం కట్టిన మగవాడట. ఆ నాటకాల్లో ఆడవాళ్ళను వేదిక ఎక్కనివ్వరట. నాకు నవ్వు ఆగలేదు. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మా అత్త నన్ను మూడు రోజులు తిట్టింది.

పోయినేడు ఒక నటుడి చొక్కా చేతి మీది గళ్ళను మగ్గం మీద నేయడానికి వీలుగా గ్రాఫు కాగితం మీదికి ఎక్కించాను. ఆయన దాన్ని చీర అంచుగా నేశాడు. చీర బెంగళూరులో బాగా అమ్ముడుపోయింది. "ఎవరి ఆలోచనప్పా ఇది?" అని లింగప్ప అడిగితే, "నాదే అన్నా" అన్నాడు. వ్యాపారస్తుల ముందుకు ఇంటి ఆడవాళ్ళు రాకూడదు. లింగప్ప ఏదైనా గట్టి ప్రశ్న వేస్తే ఈయన వంటింటి తలుపు వైపు చూస్తాడు, నేను చాటు నుంచి మెల్లగా చెబుతాను, ఈయన అదే మాట పెద్దగా అంటాడు. పదిహేనేళ్ళుగా ఇదే వరస.

లింగప్ప ఇంకో పది అంచులు కావాలన్నాడు. మరుసటి రోజు నేను నీళ్ళకు పోయాను. మా వీధి బావి ఎండిపోయి రెండేళ్ళయింది, ట్యాంకరు దగ్గర వరసలో సగం పొద్దు పోతుంది. బిందెతో తిరిగొచ్చేసరికి ఆయన చాప మీద కత్తెర పట్టుకుని కూర్చున్నాడు. పక్కన నా బొమ్మల్లోంచి కత్తిరించిన అంగీల చేతులు, కుచ్చెళ్ళు, గళ్ళు, చారలు, అన్నీ తునకలు. తక్కిన కాగితమంతా నీళ్ళ పొయ్యిలో కాలుతోంది, మా అత్త ఎగదోస్తోంది.

"ముఖాలు మనకేం పనే? అంచులు చాలు. సాయంత్రానికి గ్రాఫు ఎక్కించిపెట్టు, లింగప్ప వస్తాడు" అన్నాడు. చెడు చేశానని కూడా ఆయనకు తెలియదు. నేసేవాడి కంటికి అంచే కనబడుతుంది.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. పెన్సిలు ముట్టలేదు, కండెలు చుట్టుకుంటూ కూర్చున్నాను. పని అయిపోయి ఉంటుందనే ఆయన నమ్మకం. ఇన్నేళ్ళలో కాకపోవడం ఎప్పుడు చూశాడు?

లింగప్ప వచ్చి తునకలను చాప మీద తిరగేశాడు. "గ్రాఫులు యాడప్పా? ఈ అంచు కొంగు మూలకాడ ఎట్ల తిరుగుతాది?"

ఈరన్న తలుపు వైపు చూశాడు.

నేను చాటు నుంచి బయటికి వచ్చి, లింగప్పకు ఎదురుగా చాప మీద కూర్చున్నాను. ఆ మూల ఎలా తిరుగుతుందో నాకు తెలుసు. చెప్పలేదు.