పెళ్లికి పోయేవాళ్లకు రక్తపరీక్ష ఎందుకు?

నాకు అన్నిటికంటే పెద్ద భయం, మా అత్త కువైట్ నుంచి ఇక రాదేమోనని. ఆమెకేదో జరుగుతుందని కాదు. అక్కడే మళ్లీ పనికి పెట్టేసుకుంటారని, ఆమె సంతోషంగా ఒప్పుకుంటుందని.

మా అత్త పేరు బడేబీ. మాది నెల్లూరు వైపు, కోట అనే ఊరి దగ్గర పల్లె. మా ఆయన నవీద్ పాలు మానిన ఏడాదే ఆమె కువైట్‌లో ఒక ఇంట్లో పిల్లవాణ్ణి సాకే పనికి పోయింది. వాడి పేరు ఫహద్. వాడికి మీసాలొచ్చి చదువుకని వేరే దేశం పోయేదాకా అక్కడే ఉండిపోయింది. నవీద్ ఇప్పటికీ ఆమెను ఏమనీ పిలవడు. ఎదురుగా నిలబడి మాట్లాడతాడు, అంతే. నా కొడుకు అర్మాన్ మాత్రం ఆమె ఒడి దిగడు.

మధ్యాహ్నం వాణ్ణి నిద్రపుచ్చడానికి ఆమె ఫోన్లో ఒక పాత ఇంగ్లీషు సినిమా పెట్టేది. అంతా పాటలే. అమెరికా దొర ఒకాయన ముగ్గురు కూతుళ్లతో ఓడెక్కి ఇటలీకి పోతాడు. పెద్దది పడవవాడితో ప్రేమలో పడుతుంది, తండ్రి అలుగుతాడు, చివరికి అందరూ కలిసి గంతులేస్తారు. చిన్నప్పుడు ఫహద్ అది పెడితేనే అన్నం తినేవాడట. ఆమెకు పంపింది కూడా వాడే. ఇన్నేళ్ల తర్వాత ఎందుకు పంపినట్టు? ఆ ఇంగ్లీషు ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, నేనూ పక్కన కూర్చుని కళ్లార్పకుండా చూశాను. చివరి పాటలో ఇంటిల్లిపాదీ ఆడుతుంటే, ఆ పిల్లల్ని పెంచిన ఆయా ఒక్కతే రేవులో పెట్టెల దగ్గర నిలబడి చప్పట్లు కొడుతోంది.

"ఆమెను పిలవలేదే అత్తా," అన్నాను.

"పెండ్లికూతుర్ని చూడకుండా పెట్టెల కాడ ఏం చూస్తాండావుమే? సినిమాలో కూడా దొంగల్ని పట్టేట్టుండావే," అని నవ్వింది.

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. మోగగానే మిద్దె మీదికి పోయి అరబ్బీలో మాట్లాడేది. అవతల మగగొంతు. ఈ వయసులో ఇదేమిటని నేను ఏవేవో అనుకున్నాను, నవీద్‌తో అంటే తిట్టాడు. తీరా చూస్తే అది ఫహదే. చదువుకున్న చోట ఎవరో పిల్లను ఇష్టపడ్డాడట, పెళ్లట, తల్లి స్థానంలో వచ్చి కూర్చోమన్నాడట. వాడు ఆమెను 'యుమ్మా' అంటాడు. వాళ్ల భాషలో అమ్మ. ఆ సంగతి తెలిసిన రోజు నవీద్ అన్నం సగంలో లేచిపోయాడు.

వీధంతా మురిసిపోయింది. నాకే ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. వాడు ఫోను చేసినప్పుడల్లా మోకాళ్ల సంగతి అడుగుతున్నాడు, మెట్లెక్కగలవా అని. పైగా చెన్నై పోయి మెడికల్, అదే రక్తపరీక్ష, చేయించుకోమన్నాడు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన రెజీనా అక్కను అడిగితే, బట్టలు ఆరేస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"పెండ్లికి పొయ్యేదానికి రక్తం దేనికి షాహీనా? అది పనికి పొయ్యేవాళ్లకే గదా తీసేది."

అదే మాట అత్తకు చెప్పాను. ఆమె చీరలు మడతపెడుతోంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు ఇంత భయం ఉండేది కాదు.

"వానికి ఏ దోవ దొరికితే ఆ దోవన పిలిచినాడు. కన్నోణ్ణి ఇడిసిపెట్టి పోయి వాణ్ణి సాకినా. వాడన్నా అమ్మా అంటాడు గదా," అంది.

గుమ్మంలో నవీద్ ఉన్నాడు. విన్నాడు. పోవద్దంటాడేమోనని అతని ముఖం వైపే చూశాను. "మందులు పెట్టుకున్నావా," అని మాత్రం అడిగాడు.

పెళ్లయింది. ఆమె పంపిన వీడియోలో అందరూ ఉన్నారు, ఆమె లేదు. తీసింది ఆమె కదా అన్నాడు నవీద్. పెళ్లి కాగానే రావలసిన మనిషి రంజాన్ అయిపోనీ అంది, తర్వాత ఎండలు తగ్గనీ అంది. ఇప్పుడు ఫోనులో ముఖం చూపించదు, గొంతే వినిపిస్తుంది. వెనక పసిబిడ్డ ఏడుపు. ఎవరి బిడ్డ అత్తా అంటే, చుట్టాల బిడ్డలే అని పెట్టేస్తుంది. అర్మాన్ ఫోను పట్టుకుని ఆమె కోసం ఇల్లంతా వెతుకుతాడు.

కువైట్‌లో ఆమె ఉండే సాల్మియాలో మన వైపు వాళ్లు చాలామంది ఉన్నారు. ఇది చదివేవాళ్లలో ఎవరైనా అక్కడ ఉంటే, ఒక శుక్రవారం ఏదో వంక పెట్టుకుని పోయి రండి. సముద్రం వైపు వీధి, నీలం గేటు ఇల్లు. నెల్లూరు బడేబీ అని అడగండి. బాగున్నావా అని మాత్రం అడగొద్దు, బాగుండా అనే అంటుంది. ఆ ఇంట్లోవాళ్లు భోజనాలకు కూర్చునేదాకా ఉండి, ఆమె ఎక్కడ తింటోందో చూసి నాకు చెప్పండి.