మట్టి బస్తాలు

లింగమూర్తి భార్యను బురద చంపింది. అందులో అతనికి ఏ సందేహమూ లేదు. దవాఖానలో తలకు దెబ్బ అన్నారు, పోలీసులు స్కూటీ జారింది అన్నారు. స్కూటీ ఊరికే జారదు. పుప్పాలగూడ మలుపులో ఎవడో టైర్లు కడగకుండా లారీని రోడ్డెక్కించాడు. రాలిన మట్టి మీద చినుకు పడింది, కనకలక్ష్మి పడింది. వాడి చేతులు పడిపోవాలని లింగమూర్తి రోజూ కోరుకుంటాడు.

ఇప్పుడూ అదే అనుకుంటూ, బిల్డింగ్ సైటు గేటు దగ్గర, మట్టి మోసుకుని బయటికెళ్లే టిప్పర్ టైర్ల మీదికి నీళ్ల పైపు తిప్పాడు. ప్యాంటు మోకాళ్ల పైదాకా మడిచి ఉంది. నీళ్లలో నాని పాదాలు పాలిపోయాయి, గోళ్లు మాత్రం ఎర్రమట్టితో కుంకుమ పెట్టినట్టున్నాయి. ఎడమ మోకాలు వాచి ఉంది.

"తాతా, జల్ది కానీయ్" అన్నాడు టిప్పర్ డ్రైవర్ వేణు.

"ఆగు. ఒక్క మట్టిపెల్ల రోడ్డు మీద రాలినా ఊకోను. నా పెండ్లాం గట్లనే పోయింది."

"ఎరికే తాతా. నా బండికి గూడ ఎరికే నీ కత."

గేటు కింద వాలులో, ప్రహరీ గోడ వెంట హన్నమ్మ టీ బండి ఉంది. అతని కథను ప్రతిసారీ కొత్తగా విన్నట్టు వినే మనిషి ఆమె ఒక్కతే. విని, "ప్రభువు చూస్తుండు అన్నా" అనేది. ఆ మాట అతనికి టీ కంటే వేడిగా తగిలేది.

పది గంటలకు సూపర్‌వైజర్ కిరణ్ పాల్ గొడుగు ఊపుకుంటూ వచ్చాడు. భీమవరం మనిషి.

"లింగమూర్తి గారూ, మధ్యాహ్నం మున్సిపల్ మేడమ్ వస్తారండి. గేటు పక్క మోరీ ముందు బస్తాలు లేకపోతే పర్మిషన్ ఆపేస్తారు. కంకరే నింపాలండోయ్. నీళ్లు దిగిపోవాలి, మట్టి ఆగిపోవాలి."

కంకర గుట్ట సెల్లార్ గుంతకు అవతల ఉంది. అంత చుట్టు తిరగాలంటే మోకాలు ఒప్పుకోలేదు. గుంతలోంచి తవ్విపోసిన ఎర్రమట్టి అతని కాళ్ల దగ్గరే ఉంది. బస్తా బస్తాయే, మూతి కట్టాక ఎవడు విప్పి చూస్తాడు? పాత సిమెంటు సంచుల్లో మట్టి నింపి, సైటు నీళ్లను వాలు మీదికి వదిలే మోరీకి అడ్డంగా వరస మీద వరస పేర్చాడు.

మేడమ్ వచ్చింది. బూటు మొనతో ఒక బస్తాను నొక్కి చూసింది. "బాగా కట్టారు" అని ఫోటో తీసుకుని వెళ్లింది.

మూడు దాటాక మబ్బు పట్టింది. హన్నమ్మ కొంగు నెత్తిన కప్పుకుని గేటు దాకా వచ్చింది.

"అన్నా, బండిని పైకి జరుపుకోవాల్నా?"

"ఏం ఫికర్ చెయ్యకు. బస్తాలు పెట్టిన. చుక్క బురద రాదు."

"నువ్వు పెట్టినవంటే ఇగ నాకేం రంది" అని నవ్వి, వెళ్లి పాలు పొయ్యి మీద పెట్టుకుంది.

వాన కుండపోతగా దిగింది. మట్టి గుట్టల మీంచి వచ్చిన నీళ్లన్నీ బస్తాల వెనక నిలిచాయి. కంకరైతే సందుల్లోంచి కారిపోయేవి. మట్టి సంచులు ఉబ్బాయి, నీళ్లు నడుమెత్తు లేచాయి. గేటు రేకు కింద నిలబడి లింగమూర్తి చూస్తున్నాడు. ఒక్క కేక వేస్తే చాలు, ఆమె పక్కకు తప్పుకుంటుంది. కేక వేస్తే ఎందుకని అడుగుతారు. ఆగుతాయిలే, కాసేపు ఆగుతాయిలే అనుకున్నాడు.

బస్తాలు ఒక్కసారే కదిలాయి.

బురద వాలు మీదుగా దిగి టీ బండి చక్రాలను లాగేసింది. బండిని పట్టుకోబోయి హన్నమ్మ జారింది. తల ఫుట్‌పాత్ అంచుకు తగిలింది.

వేణు, లింగమూర్తి కలిసి ఆమెను ఆటోలోకి ఎత్తారు. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి.

"బస్తాలు పెట్టినవ్ గద అన్నా... గిట్లెట్లయింది?"

"వాన ఎక్కువైంది" అన్నాడు లింగమూర్తి.

ఆమె నమ్మింది. సరేనన్నట్టు తల కూడా ఊపింది. వేణు ఆమె పక్కన కూర్చున్నాక ఆటో కదిలింది.

కిరణ్ పాల్ వచ్చి తెగిన కట్టను చూశాడు. సంచులు చినిగి, లోపలి మట్టి వాననీళ్లలో కలిసిపోయింది. ఏది బస్తాల్లో మట్టో, ఏది గుట్ట మీది మట్టో ఎవరూ చెప్పలేరు. "ఇంత వానకి ఏ బస్తాలు ఆగుతాయండీ. మీ తప్పేం లేదు" అని లింగమూర్తి భుజం తట్టాడు. లింగమూర్తి ఆ చెయ్యిని తోసెయ్యలేదు.

వాన వెలిసేసరికి వేణు ఫోను చేశాడు.

"తాతా, హన్నమ్మ తోవలనే పోయింది. నీ ఇంటామె లెక్కనే తాతా. గా బురదనే..." అన్నాడు.

"ఆ ముచ్చట ఇగ నా దగ్గర ఎత్తకు."

"గది కాదు తాతా, నువ్వే రోజూ..."

"ఎత్తకు అంటున్న."

ఆ తర్వాత అతను కనకలక్ష్మి చావు గురించి ఎవరి దగ్గరా నోరెత్తలేదు. హన్నమ్మ చావు గురించీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఫోను జేబులో పెట్టుకుని వాలు దిగాడు. ఒరిగిన బండి చక్రానికి ఆమె టీ వడపోసే జాలీ చిక్కుకుని ఉంది. దాని నిండా ఎర్రమట్టి, అడుగు నుంచి ఇంకా నీళ్లు చుక్కచుక్కగా దిగుతున్నాయి.