ఆమె లేని పాట

ఆ హోటల్ కింది హాల్లో రోజూ సాయంత్రం అయిదింటికి పాట మొదలవుతుంది. తొమ్మిదేళ్లుగా పాడేది ఒకావిడే. పక్కన కీబోర్డు వాయించేవాడికి ఆమెతో చుట్టరికం ఏమీ లేదు. కానీ మొదటిరోజే నోరారా "అక్కా" అన్నాడు, ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. అతని భార్య రెండో కాన్పుకి ఆసుపత్రిలో ఉన్నప్పుడు పెద్దపిల్లని నెలరోజులు ఈ అక్కే తన పక్కలో పడుకోబెట్టుకుంది. పాటలో ఆమె ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో అతనికి కొట్టినపిండి. అక్కడ అతని వేళ్లు వాటంతటవే నెమ్మదించేవి.

ఆ ఏడు అతను కొత్త అలవాటు మొదలుపెట్టాడు. పొద్దున్నే ఆమె ఇంటికొచ్చి, ఒక్కో పాటా పాడించుకుని ఫోన్లో ఎక్కించుకునేవాడు.

"ఇంట్లో అయితే నీ గొంతు హాయిగా విచ్చుకుంటుందక్కా. దీంతో నేను సాధన చేసుకుంటా" అన్నాడు.

ఇన్నేళ్ల తర్వాత కూడా తమ్ముడికి ఇంత శ్రద్ధేమిటా అని ఆమె మురిసిపోయింది. కిటికీలు మూసి, ఫ్యాను ఆపేసి, చెమటలు కారుతున్నా పాడింది. అలా నలభై పాటలయ్యాయి. ఒకరోజు ఏవో కాగితాలు తెచ్చి, "హోటల్ వాళ్లు మనం లోపలికెళ్లే పాసులు మారుస్తున్నారు, సంతకం పెట్టు" అన్నాడు. కళ్లజోడు లోపలి గదిలో ఉంది. తమ్ముడు చెప్పాక ఇక చదివేదేముందని పెట్టేసింది.

ఆ తర్వాత వారం ఆమెకి జలుబు చేసి గొంతు పట్టేసింది. "పదిరోజులు రాకు, నేను చూసుకుంటా" అన్నాడతను. నాలుగోరోజుకే తేలికపడింది. చెప్పకుండా వెళ్లి సంతోషపెడదామని బయల్దేరింది.

అద్దాల తలుపు తీయగానే పాట వినిపించింది. తన చోట ఎవర్నో పెట్టేశారనుకుంది. ఇంకో నాలుగడుగులు వేసేసరికి ఆ గొంతు ఎవరిదో తెలిసింది. తనదే.

మైకు స్టాండు లేదు. కీబోర్డు దగ్గర అతనొక్కడే ఉన్నాడు. పక్కన బోర్డు మీద అతని పేరొక్కటే ఉంది. రోజూ ఆమెకి వేడినీళ్లు తెచ్చిచ్చే సర్వరు ట్రే పట్టుకుని ఉన్నవాడు ఉన్నట్టే ఆగిపోయాడు.

"అమ్మా, మీరు మానేశారని చెప్పారే!"

ఆమె ఖాళీ కుర్చీలో కూలబడి, తన పాట తనే చివరిదాకా వింది. జనం చప్పట్లు కొట్టారు. అతను లేచి వంగి నమస్కరించాడు. తలెత్తేసరికి ఎదురుగా ఆమె. కీబోర్డు వదిలేసి దగ్గరికొచ్చాడు.

"కోప్పడకక్కా. హోటల్ వాళ్లు ఇద్దరక్కర్లేదు, ఒక్కరే చాలన్నారు. పిల్లలున్నవాణ్ణి, ఏం చెయ్యను?"

"నాతో ఒక్కమాట అనలేకపోయావా?"

"అంటే నువ్వు పాడి ఇచ్చేదానివా?"

"అంటే నేనే తప్పుకునేదాన్ని కదరా."

అతను నోరు తెరిచేలోపే ఆమె పాటలెక్కించిన మెషిన్లో రెండో పాట దానంతటదే మొదలైంది. గబగబా కీబోర్డు దగ్గరికి పరిగెత్తాడు.

ఆమె నేరుగా హోటల్ మేనేజరు గదికి వెళ్లింది. మేనేజరు పాపం మంచివాడే. కూర్చోబెట్టి, ఫైలు తీసి ఆ కాగితం చూపించాడు. ఆ పాటల్ని ఎక్కడైనా ఎన్నాళ్లయినా వాడుకోవచ్చని ఉంది, కింద ఆమె సంతకం. ఈసారి కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. కాగితం తిరిగిచ్చేసి బయటికి నడిచింది.

మూడు నెలలకి ఒక మధ్యాహ్నం అతను తలుపు కొట్టాడు.

"హోటల్‌కొచ్చే జనం విన్నవే వింటున్నామంటున్నారక్కా. ఇంకో పది పాటలు పాడావంటే..."

ఆమె అతని వంక తేరిపార చూసింది. సిగ్గుపడుతున్నాడేమోనని వెతికింది. లేదు, తొందరలో ఉన్నాడంతే. తలుపేసింది. అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అప్పుడొచ్చింది ఏడుపు, మూడు నెలలుగా రానిది. ఉద్యోగం పోయినందుకు కాదు. ఆ పొద్దుటిపూటలు తన బతుకులోకెల్లా మంచి రోజులని పదిమందికీ చెప్పుకుని తిరిగింది, అందుకు. ఆ సాయంత్రమే వీధి చివరి బడికి వెళ్లి, పిల్లలకి పాట నేర్పే పని ఏమైనా ఉందా అని అడిగింది. సోమవారం రమ్మన్నారు.