పక్కకు పడుకున్న కిటికీలు

మందుల షాపులో కౌంటరు వెనక పొద్దుటి నుంచీ నిలబడి, కాళ్ళు పీకుతుంటే ఇంటికొచ్చి, మొహం కడుక్కుని లాప్‌టాప్ ముందు కూర్చుంది ఆమె. తెరిచి చూస్తే తన వెబ్‌సైటు లేదు. దాని బదులు అప్పుడే సున్నం వేసిన గోడలా తెల్లటి పేజీ ఒకటి ఉంది. మళ్ళీ తెరిచింది. మూసి తెరిచింది. లాప్‌టాప్‌నే ఆపి, మళ్ళీ వేసింది. గోడ గోడలాగే ఉంది.

ఆ సైటులో ఉండేవన్నీ కిటికీలే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే కిటికీలకు ఉండే ఇనుప గ్రిల్లులు. ఇంటి నుంచి షాపుకు నడిచి వెళ్ళే దారిలో ఒకసారి ఒక పాత ఇంటి గ్రిల్లు ఆమెను ఆపేసింది. అందులో అలలున్నాయి. అన్నీ ఒకే తీరుగా వంగి, ఒక్కటి మాత్రం తొందరపడి ముందే విరిగింది. ఎవరో చేత్తో వంచినప్పుడు చెయ్యి జారిందన్నమాట. అది చూసి ఫోనుతో ఫోటో తీసుకుంది. తర్వాత ఇంకొకటి. ఆపైన అది అలవాటైపోయింది. గోడలతో, పూలకుండీలతో ఆమెకు పని లేదు. ఇనుము తప్ప ఇంకేమీ రాకుండా దగ్గరికెళ్ళి తీసేది. ఒకాయన గేటు తీసుకుని బయటికొచ్చి, "ఏంటమ్మా, దొంగతనానికి కొలతలా?" అని కూడా అడిగాడు. ఆమె ఫోటో చూపించి, "మీ కిటికీలో నెమలి ఉందండీ, మీకు తెలుసా?" అంటే, ఆయన తన కిటికీని మొదటిసారి చూస్తున్నట్టు అక్కడే నిలబడిపోయాడు.

సైటు పెట్టించింది మరిది. కంప్యూటరు ఉద్యోగం అతనిది. ఆమెకు "కిటికీల వదిన" అని పేరు పెట్టిందీ అతనే. సెలవు రోజున సరదాగా మొదలెట్టి, ఫోటోలు ఎలా ఎక్కించాలో, వాటి కింద రెండు ముక్కలు ఎలా రాయాలో నేర్పి, "ఇక నీ రాజ్యం నీది వదినా" అని చేతులు దులుపుకున్నాడు. రాజ్యం సంగతేమో గానీ, చాకిరీ మాత్రం ఆమెదే అయింది.

ఇప్పుడు ఆ మరిదికే ఫోన్ చేసింది.

"సర్వర్ వాళ్ళు ఏదో మార్చుంటారు వదినా. కంగారేం లేదు. రేపు చూస్తా."

ఆ రేపు వారం దాటినా రాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా అతను మీటింగులో ఉన్నాడు, లేదా మీటింగుకు వెళ్తున్నాడు. చివరికి సైటుకు చోటిచ్చిన కంపెనీకి ఆమే రాసుకుంది. అవతల జవాబిచ్చేది మనిషి కాదు. ఏం అడిగినా "మీ ఓపికకు ధన్యవాదాలు" అనేది. తనకు లేని ఓపికకు అన్నిసార్లు ధన్యవాదాలు చెప్పించుకోవడం ఆమెకదే మొదలు. షాపులో జనం పలచబడ్డప్పుడల్లా మందుల పెట్టెల మీద ఫోను నిలబెట్టుకుని, వాళ్ళూ వీళ్ళూ రాసిన సలహాలు చదివి, ఒకటి పనిచెయ్యకపోతే ఇంకొకటి ప్రయత్నించి, తల ప్రాణం తోకకొచ్చాక సైటును మళ్ళీ తెరిపించింది.

తెరుచుకుంది కానీ, అందులో కిటికీలు పడుకున్నాయి.

ఫోను నిలువుగా పట్టుకుని తీసిన ప్రతి ఫోటో పక్కకు ఒరిగిపోయింది. నిలువు ఊచలు అడ్డమయ్యాయి. పైకి పాకే తీగలు నేల మీద పాకుతున్నాయి. నెమలి వెల్లకిలా పడి కాళ్ళు పక్కకు చాపింది. అన్నిటినీ ఒక్కసారిగా లేపే దారి ఎక్కడో ఉండే ఉంటుంది, ఆమెకు దొరకలేదు. ఒక్కొక్కదాన్నీ తెరిచి, తిప్పి, మళ్ళీ ఎక్కించడమే. కొత్తవాటి నుంచి మొదలుపెట్టి వెనక్కి నడిచింది. రోజూ వంట అయ్యాక కాసేపు కూర్చుని కాసినిటిని లేపేది. నెల దాటినా సగం కూడా లేవలేదు.

ఇంతలో సైటుకు వచ్చే ఉత్తరాలు మాత్రం ఆగలేదు. మీ సైటును అందరికన్నా ముందు నిలబెడతాం అని ఒకడు. బట్టతలకు నూనె అని ఇంకొకడు. అలలున్న కిటికీ కింద ఎవరో "చాలా ఉపయోగకరమైన సమాచారం" అని రాస్తే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. చివర చూస్తే చెప్పుల కొట్టు చిరునామా ఉంది.

పోనీ చూసేవాళ్ళున్నారు కదా అనుకునేది. ఏవేవో దేశాల నుంచి రోజూ వస్తున్నట్టు లెక్క కనిపించేది. ఒకసారి మరిది దొరికినప్పుడు గొప్పగా చెప్పింది.

"వాళ్ళు మనుషులు కాదు వదినా. యంత్రాలు. ప్రపంచంలో ఉన్న సైట్లన్నీ అలా తిరుగుతూనే ఉంటాయి."

"యంత్రాలైనా చూస్తున్నాయి కదా."

"చూడవు. వచ్చామని గుర్తేసుకుని పోతాయి, అంతే."

ఆ మాటతో ఆమె నీరుగారిపోయింది. సైటు పేరుకు ఏటా కట్టే డబ్బు గడువు తీరబోతోందని కబురొచ్చిన రోజు, కూరలు తరుగుతూ భర్తతో అంది. "ఈసారి పొడిగించనండీ. మానేస్తాను."

ఆయన బస్సుల డిపోలో పని చేస్తాడు. ఏ బండి ఎప్పుడు కదలాలో చెప్పి చెప్పి, ఇంటికొచ్చాక పెద్దగా మాట్లాడడు. "మానెయ్. ఎవరు బతిమాలారు నిన్ను? కళ్ళయినా బాగుంటాయి," అన్నాడు.

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అయినా ఇంకాసేపు ఆలోచించి అని ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, పైపుల కోసం రోడ్డు తవ్వేశారు. రోజూ వెళ్ళే దారి మూసేస్తే ఆమె వెనక వీధిలోంచి తిరిగి వెళ్ళాల్సొచ్చింది. బురదలో చెప్పులు దిగబడకుండా కింద చూసుకుంటూ నడుస్తోంది. వెల్డింగు చప్పుడు వినిపించి తలెత్తింది. కొత్త ఇల్లు ఒకటి. ఇంకా రంగులు పడలేదు. కింది కిటికీలకు గ్రిల్లులు బిగించేశారు. వాటిని చూసి ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

ఆ ఆకులు తనకు తెలుసు. ఊచల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ పైకి ఎక్కే తీగ, చివర్లో మూసుకున్న మొగ్గ. పాత పోస్టాఫీసు వెనక ఇంట్లో ఉండేది అది. ఆ ఇంటిని ఎప్పుడో పడగొట్టేశారు. ఇప్పుడా తీగ తన ఫోటోలో తప్ప ఇంకెక్కడా లేదు. ఇక్కడ మాత్రం అది పైకి ఎక్కడం లేదు. అడ్డంగా పారుతోంది. ఊచలూ అడ్డంగానే ఉన్నాయి.

వెల్డింగు మేస్త్రి కళ్ళకు అడ్డం పెట్టుకున్న నల్లద్దం దించి, "ఎవరు కావాలమ్మా?" అన్నాడు.

"ఈ డిజైను ఎక్కడిదండీ?"

"ఫోన్లో ఉందమ్మా. ఒక సైటుంది. ఎవరో పిచ్చోడు వీధులన్నీ తిరిగి కిటికీలకి ఫోటోలు తీసి పెట్టాడు. నా కస్టమర్లకి రోజూ పొద్దున్నే అదే చూపిస్తాను." ఫోను తీసి చూపించాడు కూడా. తెర మీద మసి వేలిముద్రల కింద ఆమె తీగ పడుకుని ఉంది. "మధ్యలో కొన్నాళ్ళు తెరుచుకోలేదు. నాకు చేతులు విరిగినట్టయింది."

"ఆ పిచ్చిది నేనేనండీ," అంది ఆమె.

మేస్త్రి ఆమెను పైనుంచి కిందదాకా చూశాడు. మందుల షాపు కోటు, చేతిలో సంచి, చెప్పులకు బురద. "మీరా?" అని, కూర్చునే పీట మీద దుమ్ము చేత్తో తుడిచాడు. "కూర్చోండమ్మా. చూడండి, మీదానికన్నా బాగా రాలేదూ?"

నిజంగానే బాగా వచ్చింది. ఆకుల అంచులు అంత నున్నగా అసలు కిటికీలోనూ లేవు. ఆమె ఇన్నేళ్ళూ గోడకు చెప్పుకుంటున్నాననుకుంది. గోడ వెనకాల ఒక మనిషి వింటూనే ఉన్నాడు.

ఇంతలో ఇంటావిడ వచ్చింది, చంకలో పిల్లతో. మేస్త్రి సంగతి చెప్పగానే ఆవిడ మొహం విప్పారింది. "అక్కా, ఇది మీదా? మా ఆయనకి నిలువు ఊచలంటే జైల్లా ఉంటుందని చిరాకు. ఇదైతే ఏరు పారుతున్నట్టు ఉంది. చూసిన వెంటనే ఇదే కావాలన్నాం."

పిల్లను కిందికి దించింది. మేడ మీద కిటికీలకు బిగించాల్సిన గ్రిల్లులు గోడకు ఆనించి ఉన్నాయి. పిల్ల తిన్నగా వాటి దగ్గరికి వెళ్ళి, కింది ఊచ మీద ఒక కాలు పెట్టింది. తర్వాత ఊచ మీద ఇంకో కాలు. తీగను పట్టుకుని, నిచ్చెన ఎక్కినట్టు ఎక్కి, వెనక్కి తిరిగి అమ్మ కేసి నవ్వింది. వాళ్ళమ్మ కూడా నవ్వి, "ఇది కోతి అక్కా, ఒక్కచోట ఉండదు," అంటూ ఎత్తుకుంది.

ఆమె తలెత్తి మేడ మీది కిటికీ చూసింది. ఖాళీగా ఉంది. గోడకు ఆనించిన గ్రిల్లు దానికి సగం ఎత్తుకే వస్తుంది. దాని కింద ఏ అడ్డూ లేదు. వీధే.

చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. షాపుకు అప్పటికే ఆలస్యమైంది. వాళ్ళకది నచ్చింది కూడా. ఇన్నాళ్ళకు తన పని ఒకరి ఇంటికి అందమైంది. దాన్ని తప్పని తన నోటితో తానే చెప్పుకోవాలా? అంతా అనిపించింది. అయినా ఆ పిల్ల కాళ్ళు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

"అమ్మా, ఒక మాట," అంది. "ఆ ఫోటో పక్కకు తిరిగిపోయింది. సైటులో ఏదో చెడి అన్నీ అలా అయ్యాయి. అసలు కిటికీలో ఊచలు నిలువుగా ఉంటాయి. కింద ఎలా ఉన్నా పరవాలేదు. పైన మాత్రం ఇలా పెట్టించకండి. గ్రిల్లు సగం దాకే కదా, పాప ఎక్కి అవతల పడుతుంది."

ఇంటావిడ గ్రిల్లు వైపు, పిల్ల వైపు, మేడ వైపు వరసగా చూసింది. చంకలో పిల్లను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. మేస్త్రి మొహంలోకి చూసింది.

మేస్త్రి తల గోక్కున్నాడు. "నిజం చెప్పడానికి మీకివాళే దొరికిందా అమ్మా? రేపు బిగించేసేవాణ్ణి."

"తిప్పి పెట్టలేరా?"

"పైవాటి గ్రిల్లులు చదరమే. తిప్పచ్చు. కానీ గోడలో దిగే కాళ్ళన్నీ కోసి, మళ్ళీ ఇటు అతికించాలి. ఇవాళ్టి పనంతా నీళ్ళపాలు." గొణుక్కుంటూనే గ్రిల్లును ఎత్తి, తిప్పి నిలబెట్టాడు. తీగ లేచి నిలబడి పైకి ఎక్కింది. ముగ్గురూ కాసేపు దానివైపే చూశారు.

"ఇదీ బాగుంది," అంది ఇంటావిడ, కాస్త ఆలస్యంగా. ఏరు పోయినందుకు ఆవిడకు బాధగానే ఉన్నట్టుంది.

షాపుకు వెళ్ళేసరికి యజమాని గోడ గడియారం కేసి ఒకసారి చూశాడు. ఆ చూపు సాయంత్రందాకా ఆమె వీపుకు అంటుకునే ఉంది. ఇంటికొచ్చి, కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని లాప్‌టాప్ ఒళ్ళోకి తీసుకుంది. ముందు డబ్బు కట్టి సైటు పేరు గడువు పొడిగించింది. తర్వాత సైటు మొదటి పేజీలో అన్నిటికన్నా పైన రాసింది: "ఇందులో కొన్ని ఫోటోలు పక్కకు తిరిగి ఉన్నాయి. చూసి గ్రిల్లు చేయించుకునేవాళ్ళు ముందు నన్ను అడగండి." కింద తన ఫోన్ నంబరు ఇచ్చింది. అడ్డం ఊచలున్నవాటిని వెతికి వెతికి లేపడం మొదలుపెట్టింది.

భర్త పక్కన కూర్చుని కాసేపు చూశాడు. "మానేస్తానన్నావు?"

"పిల్ల ఎక్కిందండీ," అంది ఆమె, తల తిప్పకుండా. సంగతంతా చెప్పింది. ఆయన విని, లేచి వెళ్ళి, వేడినీళ్ళు ఇంకో చెంబుడు తెచ్చి ఆమె కాళ్ళ మీద పోశాడు.

మరిది ఫోన్ చేసింది ఆ వారాంతంలోనే. "వదినా, ఇవాళ ఖాళీ. నీ సైటు సంగతి చూడనా?"

"తెరిపించాను గానీ, నువ్వొచ్చి సగం ఫోటోలు తిప్పు. ఎలా తిప్పాలో నేను నేర్పిస్తాలే."

అతను నవ్వి, "వస్తున్నా," అన్నాడు. వచ్చాడు కూడా. అన్నిటినీ ఒక్కసారిగా లేపే ఉపాయం తనకు తెలుసని మధ్యాహ్నమంతా ఏదో చేస్తే, అంతకుముందు ఆమె నిలబెట్టినవి కూడా పడుకున్నాయి. మళ్ళీ సాయంత్రందాకా వదినా మరిదీ పక్కపక్కన కూర్చుని ఒక్కొక్కటే తిప్పుకుంటూ పోయారు.

నంబరు పెట్టినందుకు ఫోన్లు మొదలయ్యాయి. ఎక్కువ వచ్చేవి మందులు అమ్మే వేళలోనే. మేస్త్రి తన తోటివాళ్ళకు చెప్పినట్టున్నాడు. ఊచకూ ఊచకూ మధ్య ఎడం ఎంతని ఒకరు అడుగుతారు. ఆమెకు తెలీదు. ఎప్పుడూ కొలవలేదు. కొలవాలంటే మళ్ళీ ఆ ఇళ్ళ గేట్లు తట్టాలి. వెనక వైపు నుంచి ఒక ఫోటో ఉందా అని ఇంకొకరు. వెనక వైపంటే ఇంట్లోకి వెళ్ళాలి. ఎవరు రానిస్తారు?

ఆవేళ ఒక ముసలాయన చీటీ పట్టుకుని కౌంటరు ముందు నిలబడ్డాడు. ఆమె మందు బిళ్ళలు కత్తిరిస్తోంది. ఫోన్ మోగింది. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

"అమ్మా, కిటికీలావిడేనా? గేట్లు కూడా ఉన్నాయా మీ దగ్గర?"

"లేవండీ."

"పెట్టండమ్మా. గేట్లకి మంచి డిజైన్లు దొరకట్లేదు."

ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది. పొద్దున వచ్చిన దారిలోని గేట్లన్నీ, వద్దన్నా, ఒకదాని వెనక ఒకటి కళ్ళ ముందుకొచ్చాయి.

"ముందు కిటికీల పని కానివ్వండి," అని ఫోన్ పెట్టేసి, ముసలాయన వైపు తిరిగింది. "ఇది భోజనానికి ముందు తాతగారూ. ఇది తర్వాత."